తెల్లమద్దికి సాక్ష్యం అడగరాదా?

ఈ మధ్య మన అభ్యుదయవాదుల్లోనే కొందరి నోట ఒక వాదం తరచుగా వినవస్తున్నది. పల్లె వైద్యం ప్రజల సొత్తు. దాన్ని పరీక్షకు పెట్టాలనడం తెల్లదొరల అహంకారానికి వారసత్వం. వేల యేళ్ళుగా జనం వాడుతున్నదానికి వేరే సాక్ష్యం దేనికి? — ఇదీ ఆ వాదం. వినడానికి ఇది ప్రజాపక్షంగానే ఉంటుంది. ప్రజల విజ్ఞానం మీద గౌరవంలాగానే కనబడుతుంది. కాని ఈ వాదాన్ని గ్రంథాలయంలోంచి బయటికి తెచ్చి పలాస రోడ్డు మీదా, టెక్కలి బజారులోనూ, ఉద్దానం కొబ్బరితోటల మధ్యనూ నిలబెట్టి చూస్తే దాని అసలు రూపం బయటపడుతుంది. అక్కడ అది ప్రజల పక్షాన నిలబడదు. ప్రజలకు సరుకు అమ్మేవాడి పక్షాన నిలబడుతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే.

ఊరికే సిద్ధాంతాలు మాట్లాడుకుంటే ఎవరి మాట వారిదే అవుతుంది గనుక ఒక చెట్టును తీసుకుందాం. ఏళ్ళ గట్ల మీదా వాగుల ఒడ్డునా పెరిగే తెల్లమద్ది మనవాళ్ళకు కొత్తది కాదు. ఏరుమద్ది అని కూడా అంటారు. సంస్కృతంలో దాని పేరు అర్జునం. దాని చెక్క హృద్రోగానికి మంచిదని ఏడవ శతాబ్దపు వాగ్భటుడి కాలం నుంచీ వైద్యులు చెబుతూ వచ్చారు. పదకొండవ శతాబ్దంలో చక్రపాణిదత్తుడు ఆ చెక్కను పాలలో కాచి ఇచ్చే పద్ధతి రాసిపెట్టాడు. ఈనాడు అదే చెక్క పొడిగా, కషాయంగా, అరిష్టంగా, గోళీగా దుకాణాల్లో దొరుకుతున్నది. అమ్మేవారు దానికి చెప్పే గుణాలు నాలుగు: గుండెకు బలం, రక్తపు పోటు దిగుతుంది, రక్తనాళాల్లో అడ్డులు కరుగుతాయి, రక్తప్రసరణ చక్కబడుతుంది.

ఈ నాలుగూ ఒకటే మాట కావు. గుండె కండరం బలహీనపడడం ఒక జబ్బు. పోటు పెరగడం మరొకటి. రక్తనాళంలో కొవ్వు పేరుకుని దారి ఇరుకు కావడం మూడవది. వీటికి కొలతలు వేరు, చికిత్సలు వేరు, ప్రమాదాలు వేరు. ఇక "రక్తప్రసరణ చక్కబడడం" అనేది జబ్బూ కాదు, దానికి కొలతా లేదు. కొలత లేని మాటను ఎవరూ కాదనలేరు; అందుకనే వ్యాపారికి ఆ మాట అంత ఇష్టం. పోటు పది అంకెలు దిగుతుందన్నవాణ్ణి యంత్రం పెట్టి పట్టుకోవచ్చు. ప్రసరణ బాగుపడుతుందన్నవాణ్ణి దేనితో పట్టుకుంటాం? కాబట్టి సాక్ష్యం విచారించేవాడు వెయ్యవలసిన మొదటి ప్రశ్న "ఇది పనిచేస్తుందా?" అని కాదు, "దేనికి పనిచేస్తుందంటున్నావు?" అని.

ఈ ప్రశ్న ఏ ఊళ్ళో వేసినా మంచిదే. ఉద్దానంలో వెయ్యకపోతే ప్రాణాలు పోతాయి. ఉద్యానం అన్న మాటే ఉద్దానమైందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో కళకళలాడిన సీమ అది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో 1990ల నాటికే మూత్రపిండాల జబ్బు ఇంటింటి కథగా మారింది. 2019లో అచ్చయిన ఒక సర్వేలో పరీక్షించిన 2,210 మందిలో నూటికి 18 మందికి దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి లక్షణాలు కనిపించాయి. వారిలో నూటికి డెబ్బైమందికి పైగా మధుమేహం గాని, రక్తపు పోటు గాని లేవు. అనగా లోకంలో ఈ జబ్బుకు చెప్పే మామూలు కారణాలేవీ ఇక్కడ సరిపోవడం లేదు. నీటిని అనుమానించారు, పురుగుమందులను అనుమానించారు, ఎండలో ఒళ్ళు వంచి చేసే పనిని అనుమానించారు. శాస్త్రజ్ఞులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు.

మొదట ఏ కారణంవల్ల చెడినా సరే, కిడ్నీ చెడిన కొద్దీ రక్తపు పోటు పెరుగుతుంది. పోటు పెరిగిన కొద్దీ మిగిలిన కిడ్నీ కూడా చెడుతుంది. ఇది ఒకదాన్నొకటి తరుముకునే విషచక్రం. పైగా రెండూ చాలాకాలం మనిషికి తెలియవు. నొప్పి లేదు, జ్వరం లేదు. తెలిసే వేళకు డయాలిసిస్ మంచం సిద్ధంగా ఉంటుంది. ఒంటికి తెలియని జబ్బుకు మందు పనిచేస్తున్నదో లేదో కూడా ఒంటికి తెలియదు. జ్వరం మందు అబద్ధమైతే సాయంత్రానికి బయటపడుతుంది. పోటు మందు అబద్ధమైతే పదేళ్ళ తరవాత పక్షవాతంగానో కిడ్నీ వైఫల్యంగానో బయటపడుతుంది. అప్పటికి అమ్మినవాడు ఊళ్ళో ఉండడు.

పలాస జీడి కర్మాగారంలో పిక్కలు కొట్టే ఒక కార్మికురాలిని ఊహించుకోండి. శిబిరంలో ఎవరో పోటు చూసి ఎక్కువగా ఉందన్నారు. ఆసుపత్రికి పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది. పోయి వరసలో నిలబడితే రెండు నిమిషాలు చూసి చీటీ రాసిస్తారు. ఎందుకు రాశారో, ఎన్నాళ్ళు వెయ్యాలో చెప్పే తీరిక అక్కడ ఎవరికీ లేదు. ఊళ్ళో మూలిక అమ్మేవాడు మాత్రం అరగంట కూర్చుంటాడు. అమ్మా అంటాడు. ఆవిడ భాషలో మాట్లాడతాడు. "పసరు మందే గదా బావూ, సెడుపు సేత్తాదేటి?" అని ఆవిడ గోళీ మానేసి చెక్కపొడి కొనుక్కుంటుంది. ఆవిడను మూఢురాలని తిట్టేవాడు మూఢుడు. మర్యాద దొరికిన చోటికి మనిషి పోతాడు. ఆవిడ ఎంపికలో తప్పు లేదు. ఆవిడ ముందు పెట్టిన రెండు దారులలో ఉన్నది తప్పు. ఒక దారిలో సాక్ష్యం ఉంది, మర్యాద లేదు. రెండవ దారిలో మర్యాద ఉంది, సాక్ష్యం లేదు.

ఇక్కడ మన మిత్రులు అడ్డుతగిలి, "సాక్ష్యం లేదనడానికి నీవెవరు? వాడి బాగుపడ్డవారు ఊరూరా ఉన్నారు కదా" అంటారు. ఉన్నారు. కాని వారి అనుభవం దేనికి సాక్ష్యమో విచారించాలి. పోటు గంట గంటకూ మారే వస్తువు. పరుగున వచ్చి కుర్చీలో కూర్చున్నవాడికి ఎక్కువ ఉంటుంది, నిద్ర లేచినవాడికి వేరుగా ఉంటుంది. అది బాగా హెచ్చుగా కనిపించిన రోజునే మనిషి భయపడి మందు కోసం పోతాడు. హెచ్చుగా ఉన్న అంకె మరునాడు ఏ మందూ లేకుండానే కొంత దిగుతుంది. ఆ దిగుదలను ఆనాడు వాడిన మందు తన ఖాతాలో వేసుకుంటుంది. చెక్కపొడి మొదలుపెట్టినవాడు ఉప్పు తగ్గిస్తాడు, చుట్ట మానుతాడు, వేళకు నిద్రపోతాడు. ఆ కీర్తి కూడా చెక్కకే పోతుంది. ఇంకొకటి: బాగుపడ్డవాడు పదిమందికి చెబుతాడు. బాగుపడనివాడు ఊరుకుంటాడు. చచ్చినవాడు సాక్ష్యం చెప్పడానికి రాడు.

అందుకనే పోలిక కావాలి. ఒకే రకం జబ్బున్న మనుషులను చీట్లు వేసినట్టుగా రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మందూ, రెండవ జట్టుకు అదే రంగులో మందు లేని పొడీ ఇచ్చి, ఎవరికేది ముట్టిందో రోగికీ వైద్యుడికీ కూడా తెలియకుండా ఉంచి, కొంతకాలం తరవాత కొలిచి చూడాలి. మధ్యలో మానేసినవారిని కూడా లెక్కలోంచి తీసెయ్యకూడదు. ఇందులో దొరతనమేమీ లేదు. ధాన్యం కొలిచేటప్పుడు కుంచం సరిచూసుకునే రైతుకున్న జాగ్రత్తే ఇది.

ఈ కొలతకు మన మూలికలు నిలవవనే భయం కొందరికి లోలోపల ఉన్నట్టుంది. ఆ భయానికి చరిత్రే సమాధానం చెబుతున్నది. సర్పగంధ సంగతి చూడండి. తెలుగులో పాతాళగంధి అంటారు. పాముకాటుకూ, పిచ్చికీ మన దేశంలో ఏనాటినుంచో వాడిన వేరు అది. 1931లో గణనాథ సేన్, కార్తీక చంద్ర బోస్ అనే ఇద్దరు బెంగాలీ వైద్యులు ఆ వేరు పిచ్చికే గాక హెచ్చు రక్తపు పోటుకు కూడా పనిచేస్తుందని రాశారు. పద్దెనిమిదేళ్ళు ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 50 మంది పోటు రోగులకు ఆ వేరు ఇచ్చి, ఎవరికి ఎంత దిగిందో అంకెలతో సహా బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించాడు. అప్పుడు ప్రపంచం తలతిప్పి చూసింది. 1952లో స్విట్జర్లండులోని సిబా కంపెనీ రసాయన శాస్త్రజ్ఞులు ఆ వేరులోంచి రిసెర్పిన్ అనే పదార్థాన్ని విడదీశారు.

కథ అంతటితో ఆగలేదు. పోటు దించితే మనిషి బతుకుతాడా అన్న ప్రశ్న అప్పటికింకా తేలలేదు. ఆ కాలంలో పోటు పెరగడం శరీరానికి అవసరమేమోనని వాదించిన పెద్ద వైద్యులు కూడా ఉన్నారు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులు కలిసి 143 మంది తీవ్రమైన పోటు రోగులను రెండు జట్లు చేశాయి. ఒక జట్టుకు మూడు మందులు కలిపి ఇచ్చారు. అందులో ఒకటి మన వేరులోంచి వచ్చిన రిసెర్పిన్. రెండవ జట్టుకు ఉత్తుత్తి గోళీలు. 1967లో ఫలితం ప్రకటించారు. ఉత్తుత్తి గోళీల జట్టులో 27 మందికి తీవ్రమైన ఉపద్రవాలు వచ్చాయి, నలుగురు మరణించారు. మందుల జట్టులో ఉపద్రవం ఇద్దరికే. మరణం ఒక్కటీ లేదు. పోటుకు చికిత్స చేస్తే ప్రాణం నిలుస్తుందని ప్రపంచానికి నిష్పాక్షికంగా రుజువు చేసిన తొలి ప్రయోగాలలో ఒకదానికి భారతదేశపు వేరు పునాది అయింది. ఆ వేరుకు ఇంతకంటె గౌరవం ఏ శ్లోకం ఇచ్చింది?

ఆ కొలతే దాని దోషాలను కూడా బయటపెట్టింది. ముక్కు దిబ్బడ, మందకొడితనం, ఎక్కువ మోతాదులో వాడినవారిలో మనోవ్యాకులత కనిపించాయి. మోతాదు తగ్గించవలసి వచ్చింది. అంతకంటె మేలైన మందులు వచ్చాక అది వెనకబడింది. వేళ్ళలో సారం ఒక్కొక్క వేరులో ఒక్కొక్కలాగా ఉంటుందనీ, చిటికెడు పొడి అన్న కొలత నమ్మదగింది కాదనీ కూడా తేలింది. గుణం, దోషం, మోతాదు — మూడూ తేల్చి చెప్పిందే సాక్ష్యం. గుణం ఒక్కటే చెప్పేది ప్రకటన.

ఇప్పుడు తెల్లమద్దిని అదే కొలతకు పెడదాం. పరీక్షలు జరగలేదనడం అబద్ధం, జరిగాయి. 1995లో ఇందూరు వైద్యులు 12 మంది ముదిరిన గుండె వైఫల్యం రోగులకు మామూలు మందులతోపాటు మద్ది సారం రోజుకు మూడుసార్లు 500 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి చూస్తే మేలు కనిపించింది. 2002లో అదే ఇందూరులో గుండెనొప్పి ఉన్న 58 మంది పురుషులకు ఒక వారం మద్ది, ఒక వారం వాడుకలో ఉన్న నైట్రేటు మందు, ఒక వారం ఉత్తుత్తి గోళీ మార్చి మార్చి ఇచ్చారు. మద్ది ఇచ్చిన వారంలో నొప్పులు తగ్గాయి, నడక పరీక్షలో ఓపిక పెరిగింది. ఇది తీసిపారెయ్యదగిన విషయం కాదు. పాత వైద్యులు ఊరికే రాయలేదని దీన్ని బట్టి అనుకోవచ్చు.

కాని 12 మంది, 58 మంది, ఒక వారం, రెండు వారాలు — ఇవి ఆశకు చాలే అంకెలు, భరోసాకు చాలవు. అందుకనే ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు 100 మంది గుండె వైఫల్యం రోగులను తీసుకుని, మద్ది నీటిసారం 750 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు 12 వారాలు ఇచ్చి, ఉత్తుత్తి మందుతో పోల్చి చూశారు. 2016లో ఫలితం వచ్చింది. గుండె రక్తాన్ని చిమ్మే శక్తి పెరగలేదు. కొందరిలో ఓపికా, సుఖమూ కొంత మెరుగైనట్టు కనిపించింది. అసలు చూడదలచుకున్న కొలతలో మాత్రం మద్దికీ ఉత్తుత్తి మందుకూ తేడా తేలలేదు. ఇదీ ఈనాటి స్థితి. మద్ది చెక్క వట్టి మోసమని ఎవరైనా అంటే అది తొందరపాటు. మద్ది చెక్క ఉన్నది గనుక పోటు గోళీ మానెయ్యమని ఎవరైనా అంటే అది నేరం. పోటుకు ఇచ్చే మందులను ఎంతమంది మీద పోల్చి చూశారో తెలుసుకుంటే తేడా అర్థమవుతుంది: 2002లో ప్రకటించిన ఒక్క పరిశోధనలోనే, అమ్లోడిపిన్‌తో సహా మూడు మందుల పోలికకు 33,357 మందిని తీసుకున్నారు. అమ్లోడిపిన్ ఈనాడు చౌకగా దొరికే గోళీ.

ఇంకొక సంగతి మరవకూడదు. మద్ది మీద జరిగిన ఈ పరీక్షలన్నీ గుండె రోగుల మీద జరిగినవి. ఉద్దానం కిడ్నీ రోగుల మీద జరిగినవి కావు. మంచి కిడ్నీ గల మనిషికి హాని చెయ్యని కషాయం చెడిన కిడ్నీ గల మనిషికి కూడా చెయ్యదని చెప్పడానికి ఆధారం లేదు. మందులను, లవణాలను వడగట్టి బయటికి పంపే అవయవమే అది. కిడ్నీ చెడితే పొటాషియం వంటి లవణాలు రక్తంలో నిలవచేరి గుండె కొట్టుకోవడాన్నే ఆపగలవు. ఆకులూ చెక్కలూ కాచిన కషాయాల్లో అటువంటి లవణాలు ఉంటాయి. దగ్గు మందుల్లో కలిపే అతిమధురం ఎక్కువగా వాడితే పోటు పెరుగుతుందని చాలాకాలంగా తెలిసిన విషయమే. "పసరు మందే కదా" అన్న మాట ఎంత ప్రమాదకరమో ఇక్కడ కనబడుతుంది.

అంతకంటె భయంకరమైన పాఠం దూరదేశంలో జరిగింది. 1990ల మొదట్లో బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో ఒళ్ళు తగ్గించే చికిత్సలో చైనా మూలికలు వాడిన స్త్రీలు వరసగా కిడ్నీలు చెడి ఆసుపత్రుల్లో చేరారు. విచారించగా ఒక మూలిక స్థానంలో అరిస్టొలోకియా జాతి మూలిక పడినట్టు తేలింది. ఆ మొక్కలోని ఆమ్లం కిడ్నీని ఎండగట్టడమే గాక మూత్రమార్గంలో కాన్సరును కూడా పుట్టిస్తుంది. డాన్యూబ్ ఉపనదుల ఒడ్డున బాల్కన్ పల్లెల్లో 1950ల నుంచి అంతుపట్టకుండా ఉన్న కిడ్నీ జబ్బుకు కూడా, గోధుమ చేలల్లో పెరిగే ఆ జాతి కలుపు గింజలే కారణమని ఈ శతాబ్దంలో రుజువులు దొరికాయి. ఆ జాతి మొక్క మన దగ్గర లేదా? మన ఈశ్వరి వేరు ఆ జాతిదే. ఉద్దానం జబ్బుకు అదే కారణమని నేను అనడం లేదు. అలా అనడానికి ఆధారం లేదు. కాని కారణం తెలియని కిడ్నీ జబ్బుతో ఒక సీమ సీమంతా మగ్గుతున్నప్పుడు, అక్కడ పేరు లేని పొడిని పొట్లం కట్టి అమ్మనివ్వడం ఏ రకం ప్రజాభిమానం?

పొట్లంలో ఏమున్నదో నిజంగా ఎవరికి తెలుసు? ఎండి ముక్కలైన చెక్కలో తెల్లమద్ది ఏదో, దాని దాయాది నల్లమద్ది ఏదో కొనేవాడు గుర్తుపట్టలేడు. అమెరికాలోని బోస్టన్ నగర పరిసరాల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, పాషాణం వంటివి కనబడ్డాయని 2004లో ప్రకటించారు. 2008లో 193 మందులను చూస్తే అయిదింట ఒక వంతులో అదే సంగతి. సీసమూ, పాదరసమూ రెండూ కిడ్నీకి శత్రువులే.

చట్టం ఏం చేస్తున్నది? 1954లోనే మన పార్లమెంటు మాయమందుల ప్రకటనలను నిషేధించే చట్టం చేసింది. ఫలానా జబ్బులను నయం చేస్తామని ప్రకటించరాదని ఒక పట్టిక ఇచ్చింది. ఆ పట్టికలో గుండె జబ్బులున్నాయి, హెచ్చు తగ్గు రక్తపు పోట్లున్నాయి, బ్రైట్స్ డిసీజ్ అన్న పాత పేరుతో మూత్రపిండాల జబ్బు కూడా ఉన్నది. ఉద్దానానికి కావలసిన మూడూ ఆ పట్టికలో ఉన్నాయి! చట్టం వచ్చి డెబ్బై యేళ్ళు దాటింది. గోడల మీది రాతలు చూస్తే అది నిన్నటిదాకా పుట్టినట్టే లేదు. మరొక పక్క 1964లో ఔషధాల చట్టాన్ని సవరించి ఆయుర్వేద మందులను అందులో చేర్చారు. ప్రామాణిక గ్రంథాల పట్టిక ఒకటి ఇచ్చారు. ఆ గ్రంథంలో ఉన్న యోగాన్ని ఉన్నట్టుగా తయారుచేసేవాడు, అది రోగుల మీద పనిచేస్తుందని కొత్తగా ప్రయోగం చేసి చూపనక్కరలేదు. గ్రంథమే సాక్షి. గ్రంథంలో ఉన్నది గనుక నిజం అన్న తర్కం మనకు కొత్తది కాదు; కులాన్నీ, వైధవ్యాన్నీ, అంటరానితనాన్నీ నిలబెట్టిందీ ఆ తర్కమే. దాన్ని ధర్మశాస్త్రాల్లో కాదన్న అభ్యుదయవాది వైద్యశాస్త్రంలో ఎలా ఔనంటాడు?

ఇంగ్లీషు మందుల కంపెనీలు పుణ్యమూర్తులా అని అడుగుతారు. కావు. వయాక్స్ అనే నొప్పి గోళీ గుండెపోట్లు తెస్తున్నదని తేలి 2004లో దాన్ని బజారునుంచి ఉపసంహరించుకోవలసి వచ్చింది. ఉద్దానంలో ఒళ్ళు నొప్పులకు చీటీ లేకుండా కొని మింగే డైక్లోఫెనాక్ వంటి గోళీలు కిడ్నీలకు చేసే చెరుపు తక్కువది కాదు. కాని వయాక్స్‌ను పట్టించింది ఏమిటి? పోలిక, లెక్క, కొలత. కంపెనీ వాణ్ణి పట్టుకున్న ఆయుధాన్నే మూలిక అమ్మేవాడి ముందు పారెయ్యమంటే ఎలా? వేరుకూ గోళీకీ ఒకే కుంచం. అంతకు మించి నేను కోరేదేమీ లేదు.

ఇక ఈ కుంచం తెల్లవాడిదన్న మాట. యల్లాప్రగడ సుబ్బారావు మన భీమవరంలో పుట్టినవాడు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ జబ్బుతో పోయారు. తనకూ అదే జబ్బు వస్తే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడంటారు. మద్రాసులో లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలో ఆయనే పాఠాలు చెప్పాడు. అంత కృతజ్ఞత ఉన్నవాడు ఆ అనుభవం దగ్గర ఆగిపోలేదు. 1923లో అమెరికా పోయాడు. ఆయన నడిపిన పరిశోధక బృందం 1945 ప్రాంతంలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసి స్ప్రూకు మందు చూపింది. నమ్మకం ప్రశ్నను పుట్టించింది; కొలత జవాబిచ్చింది. సేన్, బోస్, వకీల్, సుబ్బారావు — వీరిలో తెల్లవాడెవరు? పరీక్ష అనేది పాశ్చాత్యుల సొత్తు అనడమే అసలైన బానిసత్వం.

దోపిడి జరగలేదని కాదు. సర్పగంధను గుర్తుపట్టింది మన పల్లెలూ, మన అడవి జనమూ. దానిలోంచి తీసిన మందును సెర్పసిల్ అని పేరు పెట్టి అమ్ముకున్నది సిబా కంపెనీ. వేరు తవ్విన చేతికి కూలి మాత్రం దక్కింది. దీనికి ప్రతిక్రియ పరీక్ష మానెయ్యడం కాదు. పరీక్షలోనూ దాని ఫలంలోనూ తవ్విన చేతికి వాటా అడగడం. మహేంద్రగిరి అంచున సవరల ఇంటి వైద్యం మీద పరిశోధన జరిగితే వారి పేరు మీద జరగాలి, వారికి చెప్పి జరగాలి, లాభం వారికి చెందాలి. జీవవైవిధ్య చట్టం 2002 నుంచీ ఆ హక్కు కాగితం మీద ఉన్నది.

మందస జమీందారీలో అడవి మీద హక్కు కోసం రైతులు లేచినప్పుడు 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు బలైన వీర గున్నమ్మను ఆ ప్రాంతం నేటికీ తలుచుకుంటుంది. తాతల నాటినుంచీ సాగుతున్నది గనుక జమీందారు హక్కు న్యాయమే అన్న మాటను ఆ జనం ఒప్పుకోలేదు. అదే గడ్డ మీద, తాతల నాటినుంచీ సాగుతున్నది గనుక ఈ మందు మంచిదే అన్న మాటను ఎందుకు ఒప్పుకోవాలి?

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రీ, కిడ్నీ పరిశోధనా కేంద్రమూ ప్రారంభమైనాయి. దశాబ్దాల ఆందోళన ఫలితం అది. ఆ కేంద్రం ముందు ప్రజల తరఫున మనం కొన్ని కోరికలు పెట్టాలి. వచ్చిన ప్రతి రోగినీ, ఏ మూలిక వాడుతున్నావు, ఎంత, ఎన్నాళ్ళనుంచి అని కసురుకోకుండా అడిగి రాసుకోవాలి. కసిరితే దాస్తారు, దాస్తే చస్తారు. బజారులో అమ్మే పొడులనూ, గోళీలనూ తెచ్చి సీసం, పాదరసం, పాషాణం, అరిస్టొలోకియా ఆమ్లం ఉన్నాయేమో చూడాలి. చూసినది తెలుగులో రాసి పంచాయతీ కార్యాలయం గోడకు అంటించాలి. మద్ది చెక్కకు ఇంత పేరున్నది గనుక దాన్ని, పోటు గోళీ మాన్పించకుండా, కిడ్నీ కొలత చూస్తూ, పోలిక జట్టుతో పరీక్షించాలి. మేలు తేలితే ఆసుపత్రిలోనే ఉచితంగా ఇవ్వాలి. తేలకపోతే అదీ దండోరా వెయ్యాలి. వీటన్నిటికంటె ముందు, ఆ పిక్కలు కొట్టే కార్మికురాలికి ఊళ్ళోనే, కూలి పోకుండా, కూర్చోబెట్టి పోటు చూసి, అరగంట మాట్లాడే మనిషి కావాలి. ఆ అరగంటను ఆసుపత్రి ఇవ్వనంతకాలం మూలిక అమ్మేవాడే ఇస్తాడు.

రచయితలకు ఇందులో పనేమున్నదని అడగవచ్చు. చాలా ఉన్నది. "వేల యేళ్ళ అనుభవం" అన్న మాటకు మెరుగు పెట్టింది మనమే. మట్టి వాసన, తాతల విద్య, ప్రకృతి ఒడి అంటూ మనం రాసిన వాక్యాలు ఈనాడు సీసాల మీది చీటీలకు ఎక్కాయి. మన మాటలను వ్యాపారి అద్దెకు తీసుకున్నాడు. మనం వాటిని తిరిగి తెచ్చుకోవాలి. తాతలు మనకిచ్చిన అసలు ఆస్తి ఏది? చెక్క ఒక్కటే కాదు. చేదు ఉన్నదా, వగరు ఉన్నదా అని ప్రతి ఆకునూ కొరికి చూసి, ఒకటి మంచిదని ఉంచి, ఒకటి విషమని పారేసిన ఆ పరీక్షే అసలు ఆస్తి. వారు ఎక్కడ పరీక్ష ఆపారో అక్కడినుంచి మనం మొదలుపెట్టాలి. తెల్లమద్దికి సాక్ష్యం అడగడమే వారి వారసులు చెయ్యవలసిన పని.